మంత్రసాని లేని పురిటిగది

గెసీనాకి ఆ బొమ్మ మీద నలభై ఏళ్ళుగా ఒకటే కోపం. అందులో మంత్రసాని లేదు.

"ఇరవై ఒక్కమందిని కుక్కాడు ఆ గదిలో మీ పెద్దాయన," అనేది చెల్లెలితో. "వంటమనిషి ఉంది. ఫిడేలు వాయించేవాడున్నాడు. మూకుడు నాకే కుక్క కూడా ఉంది. ఇక మొగుడుగారి సంగతి చెప్పక్కర్లేదు, ఈకల టోపీ పెట్టుకుని తనే కన్నట్టు నిలబడ్డాడు. బిడ్డని బయటికి తీసిన మనిషి మాత్రం లేదు! ఏం, ఆ బిడ్డ తనంతట తనే తలుపు తోసుకుని వచ్చిందా?"

"పని అయిపోయింది కదక్కా, ఇంకో ఇంటికి వెళ్ళి ఉంటుందిలే," అనేది అలైడా.

"కండేల్ తాగకుండానా? గుడ్లూ దాల్చినచెక్కా వేసి కాచిన ద్రాక్షసారా ఒదులుకుని పోయే మంత్రసాని ఈ భూమ్మీద ఉందా? నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు పురుళ్ళు పోశాను. ఒక్కరోజు ఒదిలిపెట్టలేదు."

అదీ నిజమే. హార్లెం ఊళ్ళో, నదికి అవతలి సందుల్లో, సగంమంది మొదట చూసిన ముఖం గెసీనాదే. అలైడా పని దానికి పూర్తిగా వేరు. ఆమె మ్యూజియంలో కూర్చుని పాతవాళ్ళ బొమ్మలకి నూనె రంగుల్లో నకళ్ళు వేస్తుంది. వాళ్ళ నాన్నా అదే చేశాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆయన ఒదిలిపోయిన రెండు గదుల్లోనే ఉండిపోయారు. ఒకామె పుట్టేవాళ్ళతో, ఇంకొకామె మూడొందల ఏళ్ళ కిందట చచ్చినవాళ్ళతో కాలక్షేపం.

ఆ పురిటి విందు బొమ్మ ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. సంతకం లేదు. అందుకని నాన్న ఆయన్ని "పెద్దాయన" అనేవాడు, ఏదో మన ఇంటి ముసలాయన గురించి చెప్పినట్టు. గది నిండా జనం. వెనక తెరల మంచం మీద బాలింత, ముందు ఊయల తొట్టి, బల్లచుట్టూ ఇరుగమ్మా పొరుగమ్మా ఒకరి మీద ఒకరు పడి నవ్వుకోవడం. ఎవరి పిల్లలో నేల మీద గుడ్డు పెంకులతో ఆడుకోవడం. చూస్తూ నిలబడితే చెవుల్లో గోల మొదలవుతుంది.

ఆ వసంతంలో ఒకరోజు పొద్దున గెసీనా కాఫీ కప్పులో కాకుండా బల్ల మీద పోసింది. "కప్పు జరిపావా?" అని చెల్లెల్ని తిట్టింది కూడా. అలైడా జరపలేదు. ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దీపాలు పెట్టి, అద్దాలు పెట్టి, చివరికి కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. నడిమి చూపు పోతోంది. అంచుల్లో కాస్త మిగులుతుంది, గోడలకి గుద్దుకోరు. కానీ చలికాలం వచ్చేసరికి మనిషి ముఖం ఎదురుగా పెట్టినా ఎవరో తెలియకపోవచ్చు.

తిరిగి వస్తుంటే ట్రాములో గెసీనా చెల్లెలి పక్కన కూర్చుంది.

"ఆ బొమ్మ నాకొకటి వేసిపెట్టవే," అంది. "మనింటి గోడకి. కళ్ళు ఉండగానే చూసుకుంటాను."

"వేస్తానక్కా. తప్పకుండా వేస్తాను."

"అందులో నన్ను పెట్టు."

అలైడా కిటికీ బయటికి చూసింది. "బొమ్మ వేస్తాను. నిన్ను పెట్టడం కుదరదు."

"ఏం కుదరదు? ఒక్క ముసల్దానికి చోటు లేదా?"

"చోటు గురించి కాదు. అందులో లేనిది నేను వెయ్యను. నకలంటే ఉన్నది ఉన్నట్టు. నాన్న ఏమనేవాడో నీకు తెలుసు. మూడో మెట్టు మీద పిల్లి ఉంటే మూడో మెట్టు మీదే పిల్లి."

"నాన్న పిల్లుల గురించి అన్నాడే. నేను నీ అక్కని."

"అక్కవైతే ఏంటి? నలభై ఏళ్ళలో ఒక్క వెంట్రుక ఎక్కువ వెయ్యలేదు, ఒక్క వెంట్రుక తక్కువ వెయ్యలేదు."

"సరే తల్లీ. నీ వెంట్రుకలు నువ్వే లెక్కపెట్టుకో," అని గెసీనా ముఖం తిప్పుకుంది.

నన్నడిగితే, ఆ చెల్లెల్ని అక్కడే ట్రాములోంచి దింపెయ్యాల్సింది. కానీ ఆమె మొండితనం కూడా గాలిలోంచి రాలేదు. నకళ్ళు వేసేవాళ్ళకి ఆస్తీ పేరూ ఏమీ ఉండవు. నమ్మకం ఒక్కటే ఉంటుంది.

మ్యూజియంలో ఒక రూలుంది. నకలు అసలు సైజులో ఉండకూడదు. చిన్నదైనా ఉండాలి, పెద్దదైనా ఉండాలి. లేకపోతే రేపు ఎవడో దానికి పాతదనిపించేలా పొగ పట్టించి అసలుదేనని అమ్మేస్తాడు. అలైడా ఎప్పుడూ చిన్నదే వేసేది, చంకలో పెట్టుకుని ట్రామెక్కేందుకు వీలుగా. ఈసారి మాత్రం పెద్ద కాన్వాసు తెచ్చింది. ముఖాలు పెద్దవైతే అక్కకి ఎక్కువ కాలం కనబడతాయని ఆమె ఆశ.

"అమ్మో, ఏంటిది అలైడా గారూ, పడవకి తెరచాపా?" అన్నాడు ఆ గదిలో కాపలా కూర్చునే యోస్ట్. మీసాలన్నీ తెల్లబడిన మనిషి, పాతికేళ్ళుగా ఆ ఒక్క కుర్చీ మీదే ఉన్నాడు.

"నోరు మూసుకుని ఈజిల్ పట్టుకో యోస్ట్."

పెద్ద కాన్వాసంటే ఎక్కువ రోజులు. అది ఆమెకి తెలుసు. తెలిసీ ఒప్పుకుంది. నాన్న నేర్పిన పద్ధతి ఒకటే: ముందు గోధుమరంగులోనూ బూడిదరంగులోనూ గదంతా పూసుకోవాలి. దాన్ని అక్కడివాళ్ళు చచ్చిన రంగు అంటారు. అది ఆరాలి. దాని మీద నీడలు, అవి ఆరాలి. వెనకగోడ నుంచి ముందుకి రావాలి, తెరలు, మంచం, బల్ల, బట్టలు. అన్నిటికంటే చివర ముఖాలు. "ఇల్లు సర్దకుండా చుట్టాల్ని పిలవకూడదు," అనేవాడు నాన్న. నూనె రంగు ఎవరి మాటా వినదు. ఆరేటప్పుడే ఆరుతుంది.

వేసవి అట్లా ఆ గదిలోనే గడిచిపోయింది. ఏ గది అంటే ఆమెకే సరిగా తెలిసేది కాదు. పొద్దున్న పదింటికి కుంచె పట్టుకునేది. పైకిటికీల్లోంచి వెలుతురు మెల్లగా దిగుతూ ఉండేది. ఒక అరగంటకి నేల చెక్కల చప్పుడు ఆగిపోయేది, చూడవచ్చినవాళ్ళ దగ్గులు ఆగిపోయేవి. తర్వాత దాల్చినచెక్క వాసన తగిలేది. నిజంగానే తగిలేది, ఆమె పిచ్చిది కాదు. తెర పక్కన నిలబడి మంచం మీది దుప్పటి మడత ఎటు పడిందో చూస్తున్నప్పుడు, బాలింత ఊపిరి తన మోచేతికి వెచ్చగా తాకేది. బల్ల దగ్గర లావుపాటావిడ ఏదో పరాచికం ఆడేది, మిగతా ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. అలైడా కూడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే. "మీరు మళ్ళీ నవ్వారు," అనేవాడు యోస్ట్ మూలనుంచి, "నాకూ చెప్పొచ్చు కదా!" అప్పుడు ఆమె మ్యూజియంలోకి తిరిగి వచ్చేది. చూస్తే సాయంత్రం అయ్యేది. చేతిలో కుంచె ఉండేది, కాన్వాసు మీద ఒక పళ్ళెం వెలిసి ఉండేది.

ఆ కలల్లో పడి ఆమె తేదీలు మర్చిపోయింది. అదీ జరిగిన పొరపాటు.

ఆగస్టు నెలాఖరులో ఒక బుధవారం గెసీనా మ్యూజియానికి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. వచ్చి పెద్దాయన బొమ్మ ముందు నిలబడింది. ఎప్పటిలా తిట్టలేదు. తల అటూ ఇటూ తిప్పింది, ముందుకి వంగింది, వెనక్కి జరిగింది.

"ముఖాలు ఎక్కడికి పోయాయే?" అంది.

"ఏం ముఖాలు?"

"వీళ్ళవి. టోపీలున్నాయి, గౌన్లున్నాయి. ఎవరిని చూసినా మెడమీద మరక." తర్వాత ఇటు తిరిగి చెల్లెలి కాన్వాసు వైపు చూసింది. చాలాసేపు చూసింది. "నీ దాంట్లోనూ అంతేనే. ఒక్కరికీ ముఖం లేదు. ఇక నాకు అయిపోయినట్టే."

అలైడా తన కాన్వాసు వైపు తిరిగింది. అందులో నిజంగానే ముఖాల్లేవు. ఇరవై ఒక్క చోట్ల చచ్చిన రంగు మరకలు, అంతే. పద్ధతి ప్రకారం ముఖాలు చివర కదా.

"అవి నేనింకా వెయ్యలేదక్కా," అంది.

"ఆహా," అంది గెసీనా. "అయితే పెద్దాయన దాంట్లోవి పోయాయి, నీ దాంట్లోవి రాలేదు. నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి. పోనీలే, నా కళ్ళు నాకు తేడా చెప్పవు ఇక." నవ్వబోయింది. నవ్వు రాలేదు. యోస్ట్ లేచి తన కుర్చీ తెచ్చి వేశాడు, పాతికేళ్ళలో మొదటిసారి.

డాక్టరు చెప్పిన చలికాలం ఆగస్టులోనే వచ్చేసింది. ఆ రోజు నుంచి అలైడా నాన్న చెప్పిన వరస పక్కన పడేసింది. ఆరింది లేదు, ఆరనిది లేదు, పచ్చి మీద పచ్చి వేసుకుంటూ పోయింది. రోజుకి రెండు ముఖాలు, ఒక్కోరోజు మూడు. కలలు లేవు, దాల్చినచెక్క లేదు. చెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో పట్టుకుని వేసింది. సెప్టెంబరు పదిహేనుకి ఇరవై ఒక్కమందీ కళ్ళు తెరిచారు.

మ్యూజియం ఆఫీసాయన టేపు పెట్టి కొలిచాడు. అసలునీ నకలునీ పక్కపక్కన పెట్టి చూశాడు. సైజు తప్ప ఏ తేడా లేదని వెనక ముద్ర కొట్టాడు. యోస్ట్ దాన్ని దుప్పట్లో చుట్టి, బండి మాట్లాడి, ఇంటిదాకా వచ్చి గోడకి తగిలించి వెళ్ళాడు.

గెసీనా దాని ముందు నిలబడింది. అలైడా పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

"బాగుంది," అంది గెసీనా. "చాలా కష్టపడ్డావు." అని వెళ్ళి బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ కూర్చుంది.

తిట్టినా బాగుండేది. పుట్టి బుద్ధెరిగాక ఆ అక్క ఎప్పుడూ అట్లా మర్యాదగా మాట్లాడలేదు. పరాయింట్లో చూపించిన చీరకి బాగుందన్నట్టు అంది. ఆ "బాగుంది" అలైడా గుండెల్లో ముల్లులా దిగింది. ఎంత నమ్మకంగా వేసింది! ఎంత ఉన్నది ఉన్నట్టు వేసింది! ఎవరికోసం వేసింది?

మర్నాడు గెసీనా చర్చికి వెళ్ళాక అలైడా బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దుటి వెలుతురు కాన్వాసు మీద పడింది. మళ్ళీ ఆ గది తలుపు తీసుకుంది. ఈసారి ఆమె తెర పక్కన నిలబడలేదు. బల్ల చుట్టూ తిరిగింది. ఫిడేలువాణ్ణి దాటింది. కుక్కని తప్పించుకుంది. ఎక్కడ పెట్టను మా అక్కని? అని ఒక్కొక్కరినీ అడిగింది. వంటమనిషి అడ్డంగా తలూపింది, నా దగ్గర చోటు లేదమ్మా. లావుపాటావిడ పక్కకి జరగబోయి జరగలేక నవ్వింది. ఊయల తొట్టికీ పొయ్యికీ మధ్య మాత్రం ఒక జానెడు నల్లటి నేల ఖాళీగా ఉంది. కంటికి విశ్రాంతి కోసం పెద్దాయన ఒదిలాడని నాన్న చెప్పేవాడు. అక్కడికి వెళ్ళి నిలబడి చూస్తే తొట్టికి రెండువైపులా ఉన్న ఆడవాళ్ళు కొంచెం ఎడంగా వాలి ఉన్నారు. మధ్యలో మనిషి ఉంటే ఒదిగినట్టుగా ఉంది ఆ వాలడం. పెద్దాయన మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? కానీ చోటు ఉంది.

అలైడా లేచి బొమ్మని గోడమీంచి దించింది. వెనక్కి తిప్పింది. రంగులు కలిపే కత్తితో మ్యూజియం ముద్రని అంతా గీకేసింది. ముద్ర ఉన్న నకల్లో చెయ్యి పెట్టడం దొంగతనం. ముద్ర లేకపోతే అది ఉత్త బొమ్మ. నకళ్ళు వేసుకోమని మ్యూజియం వాళ్ళిచ్చిన అనుమతి చీటీ తీసి కవర్లో పెట్టింది, యోస్ట్‌తో తిప్పి పంపడానికి. ఇక ఆ చీటీ చూపించే ముఖం తనకి లేదనుకుంది. ఆమెని ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలిసేదీ కాదు. అయినా పంపేసింది.

గెసీనా చర్చి నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసి ఉంది.

"నీ పనిబట్టలు వేసుకురా అక్కా. టోపీ కూడా."

"ఏ పనికే? నాకిప్పుడు ఎవరు పిల్లని అప్పజెబుతారు?"

"వేసుకురమ్మంటే వేసుకురా."

గెసీనా కాసేపు గుమ్మంలో నిలబడింది. అప్పుడర్థమైంది ఆమెకి. లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది, తడుముకోవడం వినబడింది. తెల్ల ఏప్రనూ టోపీ వేసుకుని, చేతులు కడుక్కుని మరీ వచ్చి కూర్చుంది.

అలైడా కుంచె తీసుకుంది. నలభై ఏళ్ళలో ఆమె బతికున్న మనిషిని చూసి ఒక్క గీత గీయలేదు. ఏ ముఖమైనా అంతకుముందు ఎవరో వేసిందే. ఇప్పుడు ఎదురుగా ఉన్న ముఖం ఎవరూ వెయ్యనిది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే పెద్దాయన లేడు.

"ఇటు చూడక్కా. నా వైపు."

"చూస్తూనే ఉన్నాను."

"కిటికీ వైపు చూస్తున్నావు. నా ముఖం చూడు, తిన్నగా."

"తిన్నగా చూస్తే నువ్వుండవే," అంది గెసీనా. "భుజాలుంటాయి, జుట్టుంటుంది, మధ్యలో బూడిద. కిటికీ వైపు చూస్తే నువ్వు పక్కనుంచి వస్తావు. ముక్కూ, నుదుటిమీద ఆ గీతా అన్నీ వస్తాయి. నిన్ను చూడాలనే అటు చూస్తున్నా."

అలైడా కుంచె ఆగింది. కళ్ళు తుడుచుకుంది, రంగు అంటింది, పట్టించుకోలేదు. తిన్నగా చూడమని ఇంకోసారి అడగలేదు. ఆ పక్కచూపునే వేసింది. ఆ చూపు తప్ప ఆమెకి ఇంకేమీ కనబడలేదు ఆ పూట. గంటలు ఎటు పోయాయో తెలియదు. ఒకసారి గెసీనా ఏదో పాత పురుడు కథ చెప్పింది, మంచులో చిక్కుకున్న పడవలో కవలలు పుట్టిన సంగతి. చెప్తుంటే గదిలో ఎవరో ఊఁ కొట్టినట్టు వినిపించింది అలైడాకి. బల్ల దగ్గరి ఆడవాళ్ళు కూడా వింటున్నారని అనిపించింది.

రెండు ఆదివారాలు కూర్చుంది గెసీనా. మూడో వారం మధ్యలో, ఒక పొద్దున, అలైడా బొమ్మని మళ్ళీ గోడకి ఎక్కించింది.

"రా, చూడు."

గెసీనా వచ్చింది. తిన్నగా చూసింది. తర్వాత కోడి చూసినట్టు తల ఓరగా తిప్పింది. ఒక అడుగు జరిగింది, ఇంకొంచెం తిప్పింది. చాలాసేపు అట్లాగే వెతుక్కుంది.

"ఆఁ," అంది. "ఉన్నా. తొట్టి పక్కన. బాగున్నా."

అలైడాకి నమ్మకం కలగలేదు. అక్క గొంతు ఆమెకి తెలుసు. నొప్పులు పడేవాళ్ళతో "ఇంకొక్కసారే తల్లీ, అయిపోయింది" అని ముప్ఫై ఎనిమిదేళ్ళు చెప్పిన గొంతు అది. ఎంత దూరం ఉన్నా అయిపోయిందనే చెబుతుంది. ఈ మాట కూడా అట్లాంటిదే అనుకుంది. ఆలస్యం చేశాను, నా వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ వసంతమంతా వేసవంతా పోగొట్టాను అనుకుంది.

"నిజం చెప్పక్కా. నీకు కనబడుతోందా?"

గెసీనా ఇంకొంచెం ముందుకి వంగింది. తల అట్లాగే ఓరగా ఉంది. ఉన్నట్టుండి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒసేయ్! నా టోపీ బొందు ఊడి వేలాడుతోంది. ఎడమవైపుది. రెండు ఆదివారాలు ఎదురుగా కూర్చోబెట్టుకున్నావే, ఒక్కమాట చెప్పొద్దా?"

అలైడా బొమ్మ దగ్గరికి వంగి చూసింది. నిజమే. చెవి కిందనుంచి కాలరు మీదికి, వెంట్రుకవాసి తెల్లటి గీత. వేసినట్టు ఆమెకే తెలియదు. అక్క కళ్ళు తప్ప ఏమీ చూడలేదనుకుంది. చెయ్యి మాత్రం ఉన్నది ఉన్నట్టు వేసేసింది. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

"పచ్చిగానే ఉందక్కా. ఇప్పుడే సరిచేస్తా, ఒక్క నిమిషం," అని కుంచె కోసం తిరిగింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా! పురిటిగదిలో బొందు కట్టుకునే తీరిక ఎవరికుందే? అట్లాగే ఉండనీ."

అని గెసీనా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముఖం కిటికీ వైపు తిప్పి, గోడమీద తనని తాను చూసుకుంటూ, మధ్యాహ్నం భోజనాల వేళ దాకా అక్కడే కూర్చుంది.